బెల్ కొట్టాక తగ్గే కడుపునొప్పి: చలికాలం సెలవుల తర్వాత ఒక రెండో తరగతి పాప

నేను ప్రైమరీ స్కూల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తాను. చలికాలం సెలవులు అయిపోయిన మొదటి మూడు వారాల్లో నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందిది ఒకటే తీరు. సెలవులకు ముందు హాయిగా వచ్చినవాళ్లే ఇప్పుడు పొద్దున లేవరు, ఏడుస్తారు, కడుపునొప్పి అంటారు. "ఇంట్లో గారాబం ఎక్కువైంది, రెండు రోజులు పోతే వాళ్లే సర్దుకుంటారు" అని పెద్దవాళ్లు వదిలేస్తారు. ఎక్కువమంది సర్దుకుంటారు కూడా. సర్దుకోలేకపోయిన ఒక పాప కేసు ఇక్కడ మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను. ఇలాంటి పిల్లలున్న టీచర్లకూ తల్లిదండ్రులకూ నేను గట్టిగా చెప్పదలచింది ఒకటుంది. బడికి రమ్మని బతిమాలే ముందు ఆ పిల్ల నిద్ర వేళల్ని చూడండి, క్లాసులో అడుగుపెట్టిన మొదటి పది నిమిషాల్లో తనకు ఏం జరుగుతోందో చూడండి.

తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను.

పాప, ఇల్లు, మొదటి వారం

ఏడేళ్ల పాప, రెండో తరగతి. చదవడంలో చురుకు, మాట తక్కువ. తెలియనిది ఎదురైతే అడగదు, పక్కవాళ్లను చూసి నేర్చుకుంటుంది. ఒకటో తరగతి మొదట్లో కొన్నాళ్లు ఏడ్చింది, ఆ తర్వాత ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో అమ్మ, నాన్న, అమ్మమ్మ. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులు, కాబట్టి పాప ఇంట్లో ఉండిపోతే చూసుకునేది అమ్మమ్మే.

రెండు వారాల సెలవుల తర్వాత మొదటి రోజు మామూలుగానే వచ్చింది. రెండో రోజు పొద్దున కడుపునొప్పి అని ఆగిపోయింది. మూడో రోజు వచ్చింది గానీ పదకొండు గంటలకల్లా ఏడుస్తుంటే అమ్మమ్మ వచ్చి తీసుకెళ్లింది. వారం చివరికి బూట్లు చూస్తేనే ఏడుపు మొదలయ్యేది. రెండో వారం సోమవారం గుమ్మం పట్టుకుని వదల్లేదు. ఆ రోజే అమ్మ నాకు ఫోన్ చేసింది.

ముగ్గురూ కలిసి వచ్చారు. ముగ్గురిదీ మూడు మాట. నాన్నది చిరాకు. "మేడమ్, నిన్న సాయంత్రం దాకా గెంతులేస్తూనే ఉంది. స్కూల్ అనేసరికి కడుపునొప్పి. నాటకం కాక మరేంటి?" అమ్మది బెంగ. "అలా ముడుచుకుని పడుకుంటే పంపడానికి మనసు ఒప్పట్లేదండీ." అమ్మమ్మకు ఈ గొడవే అక్కర్లేదు. "పసిదాన్ని ఏడిపించి పంపితే ఏం ఒరుగుతుంది? నాలుగు రోజులు ఉంటే తనే పోతుంది."

నొప్పి నిజమేనని మొదట చెప్పాను. టెన్షన్‌కి కడుపు పట్టేయడం పిల్లల్లో చాలా మామూలు. పేగులకూ మెదడుకూ నరాల దారి నేరుగా ఉంటుంది. నొప్పి టెన్షన్ వల్ల వచ్చినా పిల్లకు మాత్రం నొప్పి నొప్పే. "నాటకం" అనే మాట ఈ ఇంట్లో ఇక వినపడకూడదని నాన్నను అడిగాను. ఆయన ఒప్పుకున్నారు, మాట నిలబెట్టుకున్నారు.

ముందు డాక్టర్

నొప్పి అని చెప్పే ఏ పిల్లనైనా ముందు పిల్లల డాక్టర్ చూడాలి. ఇందులో నాకు మినహాయింపు లేదు. బరువు తగ్గడం, జ్వరం, మలంలో రక్తం, ఆగని వాంతులు, రాత్రి నిద్రలోంచి లేపేసే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకేచోట వచ్చే నొప్పి, వీటిలో ఏది ఉన్నా కౌన్సెలింగ్ పక్కన పెట్టాలి. బ్రిటిష్ పిల్లల వైద్యుడు జాన్ ఆప్లీ, ఆయన సహచరుడు నైష్ 1958లో వెయ్యిమంది స్కూల్ పిల్లలపై చేసిన సర్వేలో దాదాపు పదిమందిలో ఒకరికి మళ్లీ మళ్లీ వచ్చే కడుపునొప్పి కనిపించింది. నొప్పి బొడ్డు నుంచి ఎంత దూరంగా ఉంటే శరీరంలో అసలు జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువ అన్న ఆప్లీ సూత్రాన్ని డాక్టర్లు ఇప్పటికీ గుర్తుపెట్టుకుంటారు. మా పాప వేలు సరిగ్గా బొడ్డు మీదే పెట్టింది. డాక్టర్ పరీక్షించి జబ్బేమీ లేదన్నారు.

తోటిపిల్లల వేధింపు, చదువులో వెనకబడటం, స్కూల్ టాయిలెట్ అంటే భయం లాంటివి కూడా విడివిడిగా చూశాను. ఏదీ కనిపించలేదు.

నిద్ర లెక్క

సెలవులకు ముందు పాప రాత్రి 8:45కి పడుకుని పొద్దున 6:45కి లేచేది. సెలవుల్లో రాత్రి 11 దాటేది, పొద్దున 9:15కి గానీ లేచేది కాదు. సెలవుల్లోనూ పది గంటల నిద్ర పట్టింది కాబట్టి అమ్మానాన్నలకు తేడా ఏమీ కనపడలేదు. కానీ వేళ రెండున్నర గంటలు జరిగిపోయింది. స్కూల్ తెరిచే ముందురోజు రాత్రి "రేపు స్కూల్ ఉంది" అని 8:45కే లైట్ ఆపేశారు. పాపకు 11 దాకా నిద్ర పట్టలేదు. పొద్దున 6:45కి లేపారు. అంటే ఎనిమిది గంటల నిద్ర కూడా లేదు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. మొదటి వారమంతా పాప ఆ కింది హద్దుకు కూడా చేరలేదు.

తొందరగా పడుకోబెడితే తొందరగా నిద్రపోతారని అందరం అనుకుంటాం. శరీరం అలా పనిచేయదు. అలవాటైన నిద్రవేళకు ముందు గంటా రెండు గంటలు మెదడు రోజు మొత్తంలోకీ బాగా మేలుకుని ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు పిల్లలు ఉన్నట్టుండి హుషారై దుప్పటి మీద గెంతడం చాలా ఇళ్లలో చూసేదే. పైగా మనిషి లోపలి గడియారం సహజంగా 24 గంటల కంటే కొంచెం ఎక్కువే నడుస్తుంది. అందుకే నిద్రను ఆలస్యం చేసుకోవడం సులువు, తొందర చేసుకోవడం కష్టం. సెలవుల్లో రెండు మూడు రోజుల్లోనే జారిపోయిన వేళ వెనక్కి రావడానికి వారాలు పట్టడంలో ఆశ్చర్యం లేదు. చలికాలంలో ఇంకో చిక్కు కూడా ఉంది. పొద్దున లేచే వేళకు బయట చీకటిగా ఉంటుంది. గడియారాన్ని సరిచేసేది పొద్దుటి వెలుతురే, అదే దొరకదు. రాత్రి మాత్రం ఇంట్లో లైట్లు, ట్యాబ్ వెలుగు దండిగా ఉంటాయి. పిల్లల కళ్లు పెద్దవాళ్ల కళ్ల కంటే ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తాయి కాబట్టి ఆ వెలుగు వాళ్ల నిద్రను ఇంకా ఎక్కువగా చెడగొడుతుంది.

రెండో రోజు కడుపునొప్పికి కారణం ఇదేనని నా నమ్మకం. చాలని నిద్ర, ఆకలి లేని పొద్దు, హడావుడి. అంతవరకైతే మూడో రోజుకో నాలుగో రోజుకో తగ్గిపోవాలి. తగ్గకపోగా పెరిగింది. కాబట్టి క్లాసుకు వెళ్లి చూశాను.

క్లాసులో పది నిమిషాలు

పాప రావడానికి ముందే వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను.

బెల్ కొట్టింది. పాప లోపలికి వచ్చి తలుపు పక్క గోడ దగ్గర ఆగి, బ్యాగ్ తీసి చేయి పైకెత్తింది. అక్కడ కొక్కెం లేదు. ఎత్తిన చేయి అలాగే ఒక్క క్షణం ఉండిపోయింది. తర్వాత పక్కవాళ్లు ఎటు వెళ్తున్నారో చూసి వెనక గోడ దగ్గరికి వెళ్లింది. అక్కడ కొక్కేల ముందు పిల్లలు గుంపుగా ఉన్నారు. తన పేరున్న చీటీ కింది వరసలో, ఇద్దరు అబ్బాయిల కోట్ల వెనక ఉంది. తొయ్యడం ఇష్టం లేక గుంపు తగ్గేదాకా నిలబడింది. బ్యాగ్ తగిలించి తిరిగేసరికి అందరూ కూర్చుని ఏదో షీట్ రాస్తున్నారు. ఆ షీట్లు కిటికీ పక్కన ట్రేలో ఉన్నాయి. అది తెలుసుకుని అక్కడికి చేరేలోగా టీచర్ హాజరు మొదలుపెట్టారు. పాప పేరు వచ్చినప్పుడు తను ట్రే దగ్గర వీపు తిప్పి ఉంది, వినలేదు. టీచర్ రెండోసారి కాస్త గట్టిగా పిలిచారు. క్లాసంతా తిరిగి చూసింది. పాప కూర్చున్నాక స్వెటర్ చేతిని వేళ్ల మీదికి లాక్కుని, ఆ పిడికిలితో పొట్ట నొక్కుకుంది.

టీచర్ మంచివారు, పిల్లలంటే ప్రేమ ఉన్నవారు. సెలవుల తర్వాత క్లాసు కొత్తగా ఉండాలని బల్లల అమరిక మార్చారు, కొక్కేలు వెనక గోడకు మార్పించారు, బోర్డు మీద రాసే పొద్దుటి పనికి బదులు షీట్లు పెట్టారు. వీటన్నిటినీ పిల్లలకు చక్కగా వివరించారు కూడా. ఎప్పుడు వివరించారని అడిగాను. "తెరిచిన రెండో రోజు" అన్నారు. పాప రానిది ఆ రోజే.

నా మటుకు కేసు అక్కడ విడింది. నిద్ర చాలక ఒక రోజు రాలేదు. రాని రోజే క్లాసు మారింది. మర్నాడు వచ్చేసరికి అందరికీ తెలిసినది తనకొక్కదానికే తెలియదు. అడిగే స్వభావం లేని పిల్ల. రోజూ పొద్దున్నే అందరి ముందూ తికమకపడటం కంటే ఇంట్లో ఉండటం మేలనిపించింది. ఇంట్లో చూస్తే అమ్మమ్మ తోడు, ట్యాబ్.

నా అంచనా

బడికి వెళ్లనంటున్న పిల్లల గురించి ఆలోచించేటప్పుడు నేను క్రిస్టొఫర్ కియర్నీ, వెండీ సిల్వర్‌మన్‌లు 1990ల్లో రూపొందించిన పద్ధతిని వాడతాను. పిల్ల ఎలా ఏడుస్తోందన్నది కాదు, వెళ్లకపోవడం వల్ల పిల్లకు ఏం దొరుకుతోందో చూడమంటుంది అది. వాళ్లు చెప్పేవి నాలుగు: బడిలో కలిగే బాధ నుంచి తప్పించుకోవడం, నలుగురిలో పడే ఇబ్బంది నుంచో పరీక్షల నుంచో తప్పించుకోవడం, ఇంట్లోవాళ్ల దగ్గర ఉండటం, బయట దొరికే సరదాలు. మా పాపది ముఖ్యంగా రెండోది. నాలుగోది దానికి తోడైంది. ఇంట్లో ఉండిపోయిన ప్రతి పొద్దునా పదిన్నరకల్లా నొప్పి పోయేది. ఆ ఉపశమనమే మర్నాటి నొప్పిని బలపరిచేది.

ఆందోళన రుగ్మత అని పేరు పెట్టలేదు. పిల్లల్లో ఎడబాటు ఆందోళన రుగ్మత అని చెప్పడానికి డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతలను గుర్తించడానికి నిపుణులు వాడే అమెరికన్ పుస్తకం) ప్రకారం లక్షణాలు కనీసం నాలుగు వారాలు ఉండాలి. ఇక్కడ అంత కాలం కాలేదు, పైగా కారణం కళ్లముందే ఉంది.

ఏం చేశాం

రోజూ పూర్తి రోజు రావాలని మొదటి రోజే తేల్చుకున్నాం. నెలల తరబడి రాని పిల్లలకు గంట, పూట, రోజు అంటూ మెల్లగా పెంచుతాం. వారం పది రోజుల తడబాటుకు సగం రోజులు పెడితే, మధ్యాహ్నం ఇంటికి వెళ్లిపోవడమే కొత్త రొటీన్ అయి కూర్చుంటుంది. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, వాంతులో విరేచనాలో అయినా ఇంట్లో ఉండాలి. అలా ఉన్న రోజు స్కూల్ వేళల్లో ట్యాబ్ ఉండదు. మిగతా రోజుల్లో నొప్పి అంటే చెప్పాల్సిన మాట ఇంట్లో ముగ్గురికీ ఒకటే ఇచ్చాను. "నొప్పిగా ఉందని తెలుసు తల్లీ. స్కూల్‌కి వెళ్దాం. అక్కడ కూడా తగ్గకపోతే టీచర్‌కి చెప్పు, చూస్తారు." అంతకు మించి బతిమాలడం, బెదిరించడం, ఆశపెట్టడం వద్దన్నాను.

నిద్ర విషయంలో లేచే వేళను ముందు పట్టుకున్నాం. శని, ఆదివారాలతో సహా 6:45. సెలవు రోజుల్లో అరగంట వరకు సడలింపు. లేవగానే గదిలో లైట్లన్నీ వేయాలి, తెల్లారాక కాసేపైనా బయటికి వెళ్లాలి. పడుకునే వేళను మాత్రం బలవంతంగా లాగలేదు. పాపకు నిజంగా నిద్ర పట్టే 10:45 దగ్గర మొదలుపెట్టాం. వరుసగా రెండు రాత్రులు ఇరవై నిమిషాల లోపు నిద్రపోతే పావుగంట ముందుకు. ఈ మాట చెప్పగానే అమ్మ కంగారు పడింది. "నిద్ర చాలట్లేదని మీరే అన్నారు, ఇప్పుడు పదకొండు దాకా మేలుకోనివ్వమంటారా?" అంది. పాప ఎలాగూ మేలుకునే ఉంటోంది. చీకట్లో రెండు గంటలు దొర్లుతూ రేపటి గురించి భయపడటం కంటే, మంచం ఎక్కగానే నిద్రపోవడం మళ్లీ అలవాటు కావడం ముఖ్యం. ఎనిమిది తర్వాత ట్యాబ్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంటుంది, హాల్లో పెద్ద లైటు ఆగిపోతుంది, స్కూల్ నుంచి వచ్చాక పగటి నిద్ర ఉండదు.

పొద్దుటి పనులకు బొమ్మల వరుస చేశాం. ఐదే బొమ్మలు: ముఖం కడుక్కోవడం, బట్టలు, టిఫిన్, బూట్లు, బ్యాగ్. పాపే గీసింది. ఏడేళ్ల పిల్లకు "లేచి మొహం కడుక్కుని బట్టలేసుకుని తొందరగా రా" అంటే చివరి ముక్క తప్ప మిగతావి మనసులో నిలవవు. వేరే పని చేస్తూ నాలుగు మాటలు గుర్తుపెట్టుకునే శక్తి ఆ వయసుకు ఇంకా పూర్తిగా రాదు. ఈ బొమ్మల బాధ్యత అమ్మమ్మకు ఇచ్చాను. ఆమెను ఒప్పించాలని చూడలేదు, పని అప్పజెప్పాను. "లే, లే, టైమైంది" అనే మాటలకు బదులు ఆమె అడిగేది ఒక్కటే: "ఇప్పుడు ఏ బొమ్మ దగ్గరున్నావమ్మా?" మనవరాలిని ఏడిపించకుండా పంపే దారి దొరికాక, ఈ పద్ధతిని ఇంట్లో అందరికంటే నిక్కచ్చిగా పాటించింది ఆవిడే. బ్యాగ్, బట్టలు రాత్రే సర్దేయాలని చెప్పింది కూడా ఆవిడే.

క్లాసులో పొద్దుటి పద్ధతులన్నీ మళ్లీ నేర్పమంటే టీచర్ మొదట వెనకాడారు. "ఏడాది మొదట్లో రెండు వారాలు ఇవే నేర్పాను మేడమ్. మళ్లీ మొదలుపెడితే సిలబస్ ఎక్కడవుతుంది?" అన్నారు. ఒక పొద్దున ఆవిడా నేనూ కలిసి చూశాం. షీట్ కోసం వెతికే పిల్లలు, కొక్కేల దగ్గర తోపులాట, హాజరు వినని వాళ్లు. తికమకపడేది ఒక్క పాపే కాదని ఆవిడకే అర్థమైంది. ఆ వచ్చే సోమవారం నుంచి వారం రోజులు క్లాసంతటికీ మళ్లీ నేర్పారు. ముందు తను చేసి చూపించారు, తర్వాత ఇద్దరు పిల్లల చేత చేయించారు, "వాళ్లు ఏం చేశారో గమనించారా?" అని అడిగారు, అప్పుడు అందరూ చేశారు. కొక్కేలను రెండు చోట్ల పెట్టారు. షీట్లు ముందే బల్లల మీద ఉంచారు. హాజరును ఐదు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టారు. పాపకు ప్రత్యేకంగా చేసింది ఒక్కటే: రాగానే గోడ మీద తారీఖు మార్చే పని ఇచ్చారు. గదిలోకి అడుగుపెట్టగానే ఎటు వెళ్లాలో, ఏం చేయాలో తెలిసిన పిల్ల అయింది.

ఎలా సాగింది

ఇంట్లో ఒక చిన్న పుస్తకం పెట్టించాను. నిద్రపోయిన వేళ, లేచిన వేళ, బయల్దేరే ముందు నొప్పి ఎంత. అంకెల బదులు నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా సున్నా నుంచి ఐదు. అదే ముఖాల కాగితం మీద పది గంటలకు టీచర్ దగ్గర పాప ఇంకోసారి వేలు పెట్టేది.

మొదటి వారం ఇంటి దగ్గర నొప్పి నాలుగూ ఐదూ. రెండు రోజులు నాన్న క్లాసు గుమ్మం దాకా దింపాల్సి వచ్చింది. ఏడుస్తూనే వచ్చింది, కానీ రోజూ వచ్చింది. పది గంటలకు చూస్తే నొప్పి ఒకటో సున్నానో. ఆ శుక్రవారం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పాపకు చూపించాను, ఏమీ చెప్పలేదు. కాసేపు చూసి, "ఇంట్లో ఏడుపు ముఖం, ఇక్కడ మామూలు ముఖం" అంది. ఎప్పుడు మారుతోందని అడిగాను. ఆలోచించి, "బెల్ కొట్టి, తారీఖు మార్చాక" అంది. నొప్పి దానంతటదే పోతుందని నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మేది కాదు. తన వేలు పెట్టిన కాగితాన్ని నమ్మింది.

రెండో వారంలో ఇంటి దగ్గర నొప్పి కూడా రెండుకు దిగింది. మూడో వారం సోమవారం మళ్లీ నాలుగు. శనివారం బంధువుల ఇంట్లో అర్ధరాత్రి దాకా మేలుకుని, ఆదివారం పది దాకా పడుకుందట. ఆ రోజు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. ఆలస్యమైనా రావడం రావడమే అని అమ్మకు ముందే చెప్పి ఉంచాను కాబట్టి ఎవరూ బెంబేలెత్తలేదు. మంగళవారానికి సర్దుకుంది. నాలుగో వారం చివరికి తొమ్మిదింటికి పడుకుని పావుగంటలో నిద్రపోతోంది. అప్పటికి నొప్పి మాట ఎత్తడమే మానేసింది.

ఏది పనిచేసిందన్నది

ఇంటివైపు, బడివైపు ఇంచుమించు ఒకేసారి మొదలుపెట్టాం కాబట్టి ఇది వేరుచేసి చెప్పడం తేలిక కాదు. అయినా పుస్తకంలో ఒకటి స్పష్టంగా ఉంది. నొప్పి బాగా తగ్గిన రెండో వారంలో పాప ఇంకా పది దాటాకే నిద్రపోతోంది. అంటే నిద్ర పూర్తిగా కుదురుకోకముందే నొప్పి దిగింది. అదే వారం క్లాసులో మళ్లీ నేర్పడం ముగిసింది. మూడో వారం సోమవారం చూస్తే, క్లాసు అంతా సర్దుకున్నాక కూడా రెండు రాత్రుల నిద్ర తప్పితే నొప్పి తిరిగొచ్చింది. నా అభిప్రాయం ఇది: నిద్ర చెడితే నొప్పి మొదలవుతుంది, క్లాసులో తికమక ఉంటే నిలిచిపోతుంది. నిద్రను మాత్రమే సరిచేసి ఉంటే ఈ పాప బాగా నిద్రపోయి, మళ్లీ ఆ లేని కొక్కెం దగ్గరికే వచ్చి నిలబడేది. సెలవుల తర్వాత ఇలాంటి పిల్లల విషయంలో సాధారణంగా ఇంటికే సలహాలు వెళ్తాయి. బడి తన వంతు ఏమిటో చూసుకోవడం అరుదు. టీచర్లకు నా విన్నపం: క్లాసును మార్చాలనుకుంటే తెరిచిన వారం కాక, పిల్లలు పాత వరుసలో కుదురుకున్న రెండో వారంలో మార్చండి. మార్చిన రోజు రాని పిల్లల పేర్లు రాసుకుని, వాళ్లు వచ్చిన రోజు విడిగా చూపించండి. దానికి రెండు నిమిషాలు చాలు.

కేసు మూసేటప్పుడు తర్వాతి సెలవుల కోసం రెండు నిర్ణయాలు రాసుకున్నాం. సెలవుల్లో లేచే వేళ గంట కంటే ఎక్కువ జరగనివ్వకూడదు, ఎంత జరిగినా చివరి ఐదు రోజుల్లో రోజుకు పావుగంట చొప్పున వెనక్కి తేవాలి. స్కూల్ తెరిచే ముందురోజు మధ్యాహ్నం పాప, అమ్మమ్మ ఖాళీ క్లాసుకు వచ్చి కొక్కెం, బల్ల, ట్రే ఎక్కడున్నాయో చూసి వెళ్లాలి. టీచర్ ఆ మధ్యాహ్నం ఎలాగూ క్లాసు సర్దుకోవడానికి వస్తారు. ఈసారి ఇంకో నలుగురు పిల్లల్ని కూడా రమ్మన్నారు.